సీట్ల సంఖ్య చివర రాయండి: పెరుగుతున్న యూనివర్సిటీకి అడ్మిషన్ల ప్లాన్ వేయడం ఎలా

నమస్కారం అండి. మిగతావాళ్ళకు కూడా అర్థమయ్యేలా మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. బెంగళూరు శివార్లలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో మీరు కామర్స్ చెబుతున్నారు. ఈ ఏడు మిమ్మల్ని ప్లానింగ్ సెల్‌లో వేశారు. ఇప్పుడున్న 8,000 మంది విద్యార్థులు ఐదేళ్ళలో 15,000 కావాలని పైనుంచి మాట వచ్చింది. ఏటా పది శాతం పెంచుతూ ఎక్సెల్‌లో వేసి ఇచ్చేస్తే చాలా? ప్రతి డిపార్ట్‌మెంటూ ఇంకో సెక్షన్ అడుగుతోంది, ఎవరికి ఇవ్వాలి? తెలుగు సెక్షన్ తీసేయమంటున్నారు, దానికేం చెప్పాలి? ఇవీ మీరు అడిగినవి.

నేను ఇదే ఊళ్ళో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో అడ్మిషన్లు, పరీక్షలు, ప్లానింగ్ చాలా ఏళ్ళు చూసి రిటైరయ్యాను. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

పది శాతం లెక్క వద్దు. అలా వేస్తే 8,000 ఐదేళ్ళకు 12,900 దగ్గరే ఆగుతుంది, అది చిన్న విషయం. అసలు తప్పు మొత్తం మీద శాతం వేయడంలో ఉంది. మూడేళ్ళ డిగ్రీలో వచ్చే ఏడాది మీ క్యాంపస్‌లో ఉండబోయేవాళ్ళలో దాదాపు మూడింట రెండు వంతులు ఇప్పటికే మీ క్లాసుల్లో కూర్చుని ఉన్నారు. మీరు పెంచగలిగేది మొదటి సంవత్సరాన్ని మాత్రమే. ఇప్పుడు తీసుకున్న నిర్ణయం బరువు పూర్తిగా తెలిసేది మూడో ఏట. అప్పటికి నిర్ణయం తీసుకున్న వీసీ ఉండకపోవచ్చు. ఆ పిల్లలు, వాళ్ళకు పాఠం చెప్పేవాళ్ళు మాత్రం ఉంటారు. అందుకే సీట్ల సంఖ్యను మీ ప్లాన్‌లో చివరి పేజీలో రాయమంటున్నాను.

ముందు ఒక్కో కోర్సుకు గత నాలుగైదు బ్యాచ్‌ల నామినల్ రోల్స్, అంటే విద్యార్థుల పేర్ల జాబితాలు తీయండి. ఎంతమంది చేరారు, రెండో సెమిస్టర్ పరీక్ష ఫీజు ఎంతమంది కట్టారు, నాలుగో సెమిస్టర్‌కు ఎంతమంది కట్టారు, ఆరో సెమిస్టర్‌కు ఎంతమంది మిగిలారు. అడ్మిషన్ రిజిస్టర్ కన్నా పరీక్ష ఫీజు లెక్కనే నమ్మండి. టీసీ తీసుకోకుండా మానేసిన పిల్లల పేర్లు రిజిస్టర్‌లో ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతాయి. కర్ణాటక యూనివర్సిటీలన్నిటికీ ఉమ్మడిగా వాడే యూయూసీఎంఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ వచ్చాక అడ్మిషన్, పరీక్ష వివరాలు ఒకే చోట దొరుకుతున్నాయి కాబట్టి ఈ పని ఇదివరకటంత కష్టం కాదు.

ఇప్పుడు ఒక ఉదాహరణ లెక్క చూడండి. ఏటా 1,000 మంది చేరుతున్నారనుకుందాం. వాళ్ళలో నూటికి 85 మంది రెండో ఏడాదికి వెళ్తున్నారు, ఆ వెళ్ళినవాళ్ళలో నూటికి 95 మంది మూడో ఏడాదికి వెళ్తున్నారు. అంటే 1,000, 850, 807. మొత్తం 2,657 మంది. అదే 85ను 92కి, 95ను 97కి తేగలిగితే 1,000, 920, 892 అవుతుంది, మొత్తం 2,812. ఒక్క కొత్త సీటు అడగకుండా 155 మంది పెరిగారు. వీళ్ళ కోసం కొత్త గది కట్టక్కర్లేదు, ఎందుకంటే ఆ బెంచీలు ఇప్పుడు ఖాళీగానే ఉన్నాయి. ఏ ప్రభుత్వ యూనివర్సిటీ అయినా మొదట చేయాల్సిన పెంపు ఇదే అని నా గట్టి నమ్మకం. చేరిన పిల్లను నిలబెట్టుకోలేనివాళ్ళం ఇంకో పిల్లను పిలవడం న్యాయం కాదు.

ఎందుకు వెళ్ళిపోతున్నారో కూడా కోర్సు వారీగా చూడండి. ఎక్కువమంది మొదటి సెమిస్టర్‌లోనే పోతారు. కొందరు బీఎస్సీలో సీటు పట్టుకుని, కేఈఏ (కర్ణాటక పరీక్షల ప్రాధికార సంస్థ) కౌన్సెలింగ్‌లో ఇంజనీరింగ్ వచ్చాక వెళ్ళేవాళ్ళు. వాళ్ళను ఆపలేం, ఆపకూడదు కూడా. మీ పట్టికలో ఆఖరి రౌండ్ అయ్యాక మిగిలిన సంఖ్యను వాడితే చాలు. ఇంకొందరు ఆలస్యంగా చేరినవాళ్ళు. కర్ణాటకలో 2024 నుంచి పీయూసీకి (మన ఇంటర్‌కు) ఏడాదిలో ఒకటి కన్నా ఎక్కువ పరీక్షలు పెడుతున్నారు. చివరి పరీక్ష పాసై వచ్చిన విద్యార్థి మీ క్లాసులోకి వచ్చేసరికి అక్కౌంట్స్‌లో మొదటి యూనిట్లు అయిపోయి ఉంటాయి. ఆ పిల్లలకు రెండు వారాలు విడిగా క్లాసులు పెడితే నిలబడతారు. పెట్టకపోతే మొదటి సెమిస్టర్ బ్యాక్‌లాగ్‌లతో డీలా పడి మానేస్తారు. పీయూసీ మొత్తం కన్నడ మీడియంలో చదివి, ఇక్కడ ఇంగ్లిష్‌లో బోధన విని బెదిరిపోయేవాళ్ళు మూడో రకం. వీళ్ళు చాలావరకు పల్లెల నుంచి వచ్చినవాళ్ళే, ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చినవాళ్ళే. వాళ్ళ కోసమే కదా ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఉన్నది.

ఇక సెక్షన్ల సంగతి. డిపార్ట్‌మెంట్లు "ఇంకో ఐదుగురిని తీసుకుంటే ఏమవుతుంది" అంటాయి. ఏమవుతుందో లెక్కగా చూపించండి. ఒక సైన్స్ పేపర్‌కు వారానికి నాలుగు గంటల థియరీ, నాలుగు గంటల ల్యాబ్ అనుకోండి. సెక్షన్‌లో 60 మంది ఉంటే ల్యాబ్‌కు ఇరవై మంది చొప్పున మూడు బ్యాచ్‌లు, అంటే 12 గంటలు. థియరీతో కలిపి 16 గంటలు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్‌లకు 14 గంటల బోధన. ఒకరి వారం మొత్తం ఆ ఒక్క పేపర్‌కే సరిపోయింది. ఇప్పుడు 65 మందిని తీసుకుంటే నాలుగో బ్యాచ్ పుట్టుకొస్తుంది, 20 గంటలు అవుతాయి. ఐదుగురి కోసం వారానికి నాలుగు గంటలు. అదే సెక్షన్‌లో 45 మందే ఉంటే, ఇంకో పదిహేను మందిని చేర్చుకున్నా అదనంగా ఒక్క గంట కూడా పడదు. కాబట్టి మీ దగ్గర సగం నిండిన సెక్షన్లు, సగం నిండిన ల్యాబ్ బ్యాచ్‌లు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకడం రెండో పని. బీకాంలో ల్యాబ్‌లు లేవు కనుక అక్కడ ఇలా ఒక్కసారిగా గంటలు పెరగడం కనిపించదు, అందుకే కామర్స్ వాళ్ళకు ఇది కొత్తగా అనిపించవచ్చు.

చాలామంది మరిచిపోయే విషయం ఇంకోటి ఉంది. సెక్షన్ ఒక శాఖకు ఇస్తాం, బరువు ఇంకో శాఖ మీద పడుతుంది. బీసీఏకు ఒక సెక్షన్ పెంచండి. మొదటి ఏడాదిలో ఆ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పాలి, ఇంకో భాష చెప్పాలి, గణితం చెప్పాలి. కంప్యూటర్ శాఖ మీద అసలు భారం రెండో ఏట నుంచి మొదలవుతుంది. అందువల్ల సెక్షన్ అడిగిన హెచ్‌ఓడీకి (శాఖాధిపతికి) జూన్‌లో ఏ ఇబ్బందీ ఉండదు. ఇంగ్లిష్ హెచ్‌ఓడీ మాత్రం ఆగస్టులో మనిషి కోసం పరుగులు పెడుతుంటారు. దీనికి ఒక పట్టిక వేయండి. అడ్డ వరసల్లో కోర్సులు, నిలువు వరసల్లో శాఖలు, గడిలో ఒక్కో సెక్షన్‌కు ఏ శాఖ వారానికి ఎన్ని గంటలు ఇవ్వాలో రాయండి. సంవత్సరం వారీగా మూడు షీట్లు. ఇది తయారవడానికి కొన్ని వారాలు పడుతుంది, టైమ్‌టేబుల్ కమిటీతో కూర్చోవాలి. కానీ ఒకసారి ఉంటే ఎవరు ఏ సెక్షన్ అడిగినా, ఎవరి మీద ఎన్ని గంటలు పడతాయో అక్కడికక్కడే చెప్పగలుగుతారు. సమావేశంలో గొంతు పెద్దగా ఉన్నవాళ్ళకు సెక్షన్ వెళ్ళిపోవడం దానితోనే ఆగుతుంది.

టీచర్ల విషయంలో ఇంజనీరింగ్ లెక్క స్పష్టంగా ఉంటుంది, అది చూపిస్తాను. నాలుగేళ్ళ కోర్సులో 60 సీట్లు పెంచారు. సాంకేతిక విద్యకు నిబంధనలు పెట్టే ఏఐసీటీఈ లెక్కన ఇరవై మందికి ఒక అధ్యాపకుడు. మొదటి ఏడు 60 మంది, ముగ్గురు చాలు. రెండో ఏడు ఆరుగురు, మూడో ఏడు తొమ్మిది మంది, నాలుగో ఏటికి పన్నెండు మంది. డిప్లొమా చేసి లేటరల్ ఎంట్రీలో నేరుగా రెండో ఏట చేరేవాళ్ళు పది శాతం కలిస్తే పదమూడో మనిషి కూడా కావాలి. ఫైలు మీద మాత్రం "ముగ్గురు అదనం" అని వెళ్తుంది, ఎందుకంటే ఫైలు ఆ ఏడాది గురించే రాస్తారు. మీ ప్లాన్‌లో కోర్సు ఎన్నేళ్ళదైతే అన్నేళ్ళ పోస్టుల లెక్క ఒకే పేజీలో ఉండాలి. మొదటి ఏటి సంఖ్య మాత్రమే ఉన్న ప్రతిపాదన మీద మీరు సంతకం పెట్టకండి.

ప్రభుత్వ పోస్టు మంజూరై, నోటిఫికేషన్ వచ్చి, రిజర్వేషన్ల రోస్టర్ సరిచూసి, కోర్టు కేసులు దాటి మనిషి క్లాసులోకి రావడానికి ఏళ్ళు పడుతుంది. విద్యార్థి మాత్రం ఆ ఏడాదే వచ్చేస్తాడు. మధ్యలో ఉన్న ఆ ఖాళీని గెస్ట్ లెక్చరర్లతో నింపుతున్నాం. సెమిస్టర్ ఉన్నంత కాలమే జీతం, వచ్చే ఏడు ఉంటామో లేదో తెలియదు, అయినా బాగా చెప్పేవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. వాళ్ళ మీద కట్టిన పెంపును పెంపు అని పిలవడానికి నాకు మనసొప్పదు. మీ ప్లాన్‌లో ప్రతి శాఖకూ రెగ్యులర్, గెస్ట్ గంటలు విడివిడిగా చూపించండి. సగానికి పైగా గంటలు గెస్ట్ మీద నడుస్తున్న శాఖకు కొత్త సెక్షన్ ఇవ్వొద్దని ఒక నియమం పెట్టుకోండి. ఇది యూజీసీ నియమం కాదు, నా అభిప్రాయం. అకడమిక్ కౌన్సిల్‌లో దీన్ని గట్టిగా వాదించవచ్చు.

హాస్టల్ లెక్క తప్పితే ఏమవుతుందో తెలుగువాళ్ళకు ఆర్‌జీయూకేటీని, అంటే మన ట్రిపుల్ ఐటీలను గుర్తు చేస్తే చాలు. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలో మొదలైంది. పల్లె పిల్లలకు పదో తరగతి అయ్యాక ఆరేళ్ళ చదువు, ఉండటం, తినడం అన్నీ క్యాంపస్‌లోనే. ఆశయం చాలా గొప్పది, ఎన్నో పేద ఇళ్ళ నుంచి ఇంజనీర్లు వచ్చారు. కానీ ఆరేళ్ళ రెసిడెన్షియల్ కోర్సుకు ఏటా వెయ్యి మందిని తీసుకుంటే ఆరో ఏటికి ఆరు వేల పడకలు, ఆరు వేల కంచాలు. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు రోజుల తరబడి ఆరుబయట కూర్చుని అడిగినవేమిటి? రెగ్యులర్ వీసీ, సరిపడా అధ్యాపకులు, సరైన మెస్, హాస్టల్ వసతులు. ప్లానింగ్ సెల్ మొదటి రోజే లెక్కేసి పెట్టాల్సినవి ఇవి.

పెంపు ఎప్పుడూ డిమాండ్ నుంచే రాదు, చట్టం నుంచి కూడా వస్తుంది. కేంద్ర సంస్థల్లో ఓబీసీలకు 27 శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు, జనరల్ సీట్లు తగ్గకూడదని మొత్తం సీట్లను 54 శాతం పెంచారు. ఆ 54 ఎక్కడిది? అప్పటికి నూటికి 22.5 ఎస్సీ ఎస్టీలకు పోగా జనరల్ 77.5. కొత్త లెక్కలో జనరల్ 50.5 శాతమే. ఆ 50.5 శాతంలో 77.5 సీట్లు ఇమడాలంటే మొత్తం 153కి పైగా కావాలి. 2019లో ఈడబ్ల్యూఎస్‌కు (ఆర్థికంగా వెనకబడిన వర్గాలకు) పది శాతం ఇచ్చినప్పుడు ఇదే పద్ధతిలో 25 శాతం పెంచమన్నారు. కర్ణాటకలో 2022లో ఎస్సీల వాటా 15 నుంచి 17కు, ఎస్టీల వాటా 3 నుంచి 7కు పెరిగింది. ఇవన్నీ న్యాయంగా రావాల్సిన సీట్లే. ఆ సీటుతో పాటు గది, గురువు, స్కాలర్‌షిప్ కూడా వచ్చాయా అన్నదే మీరు చూడాలి. రోస్టర్ మారితే మీ సెక్షన్ల లెక్క ఎలా మారుతుందో ఒక షీటు సిద్ధంగా ఉంచుకోండి.

ఇప్పుడు అసలు 15,000 మంది ఎక్కడి నుంచి వస్తారు? 2035లో పద్దెనిమిదేళ్ళు నిండే పిల్లలు 2017లోనే పుట్టారు, ఇప్పుడు బడిలో ఉన్నారు. కాబట్టి ఊహించక్కర్లేదు, లెక్కపెట్టవచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లలు కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లలో 1.7, తమిళనాడు, తెలంగాణలలో 1.8. జనాభా నిలకడగా ఉండటానికి కావాల్సిన 2.1 కన్నా ఇది తక్కువ. అంటే దక్షిణాదిలో కాలేజీ వయసు పిల్లల సంఖ్య ఇకమీద తనంతట తాను పెరగదు. పెరగాల్సింది వాళ్ళలో కాలేజీకి వచ్చేవాళ్ళ వాటా. కేంద్ర ఉన్నత విద్యా సర్వే 2021-22లో 18-23 ఏళ్ళ వయసుకు ఆ వాటా దేశం మొత్తానికి 28.4 శాతం, కర్ణాటకలో 36.2, ఆంధ్రప్రదేశ్‌లో 36.5, తెలంగాణలో 40, తమిళనాడులో 47. జాతీయ విద్యా విధానం 2035కల్లా 50 శాతం కావాలంటోంది. తమిళనాడును అందుకోవాలంటే కర్ణాటకకు ఇంకా చోటుంది. కానీ ఆ చోటు బెంగళూరు నడిమధ్య ఎంజీ రోడ్డు చుట్టుపక్కల లేదు.

అది ఎక్కడుందో కోలార్, చిక్కబళ్ళాపుర జిల్లాల పటం ముందు పెట్టుకుని చూడండి. 1964లో పుట్టిన బెంగళూరు యూనివర్సిటీ కింద కాలేజీలు వందల్లో పెరిగిపోయి, పరీక్షల నిర్వహణే తలకు మించిన పని అయ్యాక దాన్ని మూడు చేశారు. 2017 నుంచి సెంట్రల్ కాలేజీ క్యాంపస్‌లో ఒకటి, కోలార్ కేంద్రంగా బెంగళూరు నార్త్ ఒకటి విడిగా నడుస్తున్నాయి. బాగేపల్లి, చింతామణి, శ్రీనివాసపుర, ముళబాగిలు వైపు ఇళ్ళలో మాట్లాడేది చాలావరకు తెలుగే. ఆ తాలూకాల్లో పీయూసీ పాసైన అమ్మాయి డిగ్రీలో చేరుతుందా లేదా అన్నది సాయంత్రం బస్సు మీద ఆధారపడి ఉంటుంది. 2023 జూన్‌లో శక్తి పథకం కింద రాష్ట్ర మహిళలకు మామూలు ప్రభుత్వ బస్సుల్లో ప్రయాణం ఉచితమయ్యాక ఛార్జీ భయం పోయింది, చీకటి పడే భయం పోలేదు. మీ టైమ్‌టేబుల్‌లో ఆఖరి ల్యాబ్ ఐదున్నరకు ముగిస్తే ఆ పిల్ల ఇంటికి ఎన్నింటికి చేరుతుందో చూడండి. తాలూకా వారీగా పీయూసీ పాసైనవాళ్ళెందరు, వాళ్ళలో మీ దగ్గర చేరినవాళ్ళెందరు, అమ్మాయిలు ఎందరు అని ఒక పట్టిక ఉండాలి. 2011 జనగణన లెక్కలు పాతబడ్డాయి కాబట్టి పిల్లల సంఖ్యకు ప్రభుత్వం బడుల నుంచి సేకరించే యూడైస్ లెక్కలనే వాడండి.

ఇక ఎవరి పని ఏదో తేల్చుకోవడం. 1960లో కాలిఫోర్నియా రాష్ట్రం తన ప్రభుత్వ ఉన్నత విద్యకు ఒక మాస్టర్ ప్లాన్ రాసుకుంది. పై 12.5 శాతం మందికి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, పై మూడో వంతుకు స్టేట్ కాలేజీలు, చదవాలనుకున్న అందరికీ కమ్యూనిటీ కాలేజీలు. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు చదివినవాళ్ళు పెద్ద యూనివర్సిటీల్లోకి మారడానికి చోటు ఉండాలని అక్కడ మొదటి రెండేళ్ళ విద్యార్థులు 40, చివరి రెండేళ్ళవాళ్ళు 60 అన్న నిష్పత్తి కూడా పెట్టుకున్నారు. అదనంగా చేరే ఒక్కో విద్యార్థికి ప్రభుత్వం ఇంత ఇవ్వాలి అనే లెక్కతో బడ్జెట్ చర్చ జరిగేది. ఆ మెరిట్ గీతలు మనకు సరిపోతాయని నేను అనను. మనం తీసుకోవాల్సింది విద్యార్థుల సంఖ్య, డబ్బు ఒకే కాగితం మీద ఉండే అలవాటు. మీ ప్లాన్ ఫైనాన్స్ ఆఫీసర్ సంతకం లేకుండా యూనివర్సిటీ పాలకమండలి అయిన సిండికేట్‌కు వెళ్ళనివ్వకండి.

కోర్సు స్వరూపం మారే ప్రమాదం కూడా రాసుకోండి. కర్ణాటకలో 2021-22లో నాలుగేళ్ళ డిగ్రీ వచ్చింది, 2024-25లో మళ్ళీ మూడేళ్ళకు మారింది. మధ్యలో చేరినవాళ్ళు తాము చేరిన పద్ధతిలోనే కొనసాగారు. ఒకే శాఖలో, ఒకే ఏడాది, రెండు రకాల సిలబస్‌లు, రెండు రకాల పరీక్షలు. అలాంటి ఏళ్ళలో పెంపు పెట్టుకోవద్దు.

తెలుగు సెక్షన్ గురించి మీరు టెన్షన్ పడుతున్నారని మీ మాటల్లో తెలిసింది. ఈ ఏడు చేరినవాళ్ళు తక్కువని ఒక్క ఏడాది లెక్కతో తీసేయనివ్వకండి, మూడేళ్ళ సగటు అడగండి. బీకాం, బీబీఏ, బీసీఏ, బీఎస్సీలలో తెలుగు తీసుకున్నవాళ్ళ భాషా పీరియడ్ అన్ని కోర్సులకూ ఒకే సమయంలో పెడితే నాలుగు చిన్న గుంపులు కలిసి ఒక సెక్షన్ అవుతుంది. హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చే పిల్లల ఇంటర్ మార్కుల జాబితాలో రెండో భాష తెలుగని ఉంటుంది. చేరేటప్పుడు వాళ్ళను ఎవరూ అడగకపోవడం వల్ల కొందరు అడిషనల్ ఇంగ్లిష్‌లో పడిపోతారు. అడ్మిషన్ కౌంటర్‌లో ఒక్క ప్రశ్న చేర్చండి. కోలార్ వైపు పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడినా కన్నడంలో చదువుకున్నవాళ్ళు, వాళ్ళు కన్నడ తీసుకోవడమే సహజం, వాళ్ళను ఈ లెక్కలో కలపకండి. ఇన్ని చేసినా సంఖ్య రాకపోతే పక్క ప్రభుత్వ కాలేజీతో కలిపి నడపమని రాతపూర్వకంగా కోరండి. భాషా శాఖలో ఒకసారి పోస్టు పోతే మళ్ళీ రావడం చాలా కష్టం.

పైవాళ్ళకు 15,000 కుదరదని నోటితో చెప్పకండి. మూడు పేజీలు ఇవ్వండి: ఇప్పుడున్న సీట్లు నింపి, చేరినవాళ్ళను నిలబెట్టుకుంటే ఎంత అవుతుందో ఒకటి, ఖాళీ పోస్టులు భర్తీ అయితే ఎంతో ఇంకోటి, కొత్త పోస్టులు, గదులు, అమ్మాయిల హాస్టల్ వస్తే ఎంతో మూడోది. ప్రతి పేజీలోనూ ఏ ఏడాది ఏ శాఖకు ఎంతమంది కావాలో, ఎంత ఖర్చో ఉండాలి. ఏ పేజీ కావాలో వాళ్ళే ఎంచుకుంటారు, దానితో పాటే దాని ఖర్చునూ ఒప్పుకుంటారు.

సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు, ఎక్సెల్ చాలు. మీ బీకాం, బీసీఏల మూడు బ్యాచ్‌ల పరీక్ష ఫీజు సంఖ్యలు, ఒక్కో సెక్షన్ టైమ్‌టేబుల్ పిల్లల పేర్లు లేకుండా ఇక్కడ పెట్టండి. కోర్సులు, శాఖల పట్టిక మొదటి షీటు ఎలా వేయాలో చేసి చూపిస్తాను. డిసెంబర్ లోపు పెడితే మంచిది, ఆ తర్వాత బడ్జెట్ ప్రతిపాదనల హడావిడి మొదలవుతుంది.